కొండ మీద ఇల్లు, నీటి వసతి పుష్కలం

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో నేను ఎక్కువగా చూసినవి పరాయి వాళ్ల వంటిళ్లు. ఈ మాట చెబితే తర్వాతి రోజుల్లో మా ఆఫీసులో చేరిన పిల్లలు నవ్వేవారు. వాళ్లు చేరేసరికి నేను కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే వయసుకొచ్చేశాను గనక, ఒకప్పుడు భుజానికి సంచీ, సంచిలో కొలత టేపూ వేసుకుని ఊరంతా తిరిగానంటే నమ్మేవారు కాదు.

ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం పనులు ఊపందుకున్నాయి. ఆ పనుల్లో ఒక ముక్కని కాంట్రాక్టుకి తీసుకున్న కంపెనీలో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరాను. కంపెనీ పేరెందుకు లెండి, ఇప్పుడది లేదు. దేశం నాలుగు మూలల నుంచీ ఇంజనీర్లొచ్చి దిగుతున్నారు. వాళ్లు ఉండటానికి క్వార్టర్లు లేవు. ఊళ్లో ఇళ్లు వెతికి, చూసి, కొలిచి, కంపెనీ పేరున అద్దెకి తీసుకుని వాళ్లకివ్వడం మా సెక్షన్ పని. సెక్షన్ అంటే మద్దిలపాలెంలో ఒక మేడ మీద రెండు బల్లలు, ఒక ఇనప బీరువా, మా హెడ్ క్లర్కుగారు, నేను.

ఇళ్లు చూడటానికి ఆడపిల్లని పంపడమేమిటని ఆఫీసులో కొందరు గొణిగారు. హెడ్ క్లర్కుగారి ఆలోచన వేరు. ఆయన వెళితే ఇంటివాళ్లు ముందు గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, గుమ్మం దాకా సాగనంపేవారట. నేను వెళితే ఇంటావిడ చెయ్యి పట్టుకుని నేరుగా వంటింట్లోకి తీసుకుపోయేది.

“ఇల్లంటే ముందు గది కాదమ్మాయ్. వంటిల్లూ, దొడ్డీను. అక్కడికి నన్ను రానివ్వరు. నిన్ను రానిస్తారు,” అనేవారాయన.

నాది గజపతినగరం వైపు పల్లె. చుట్టూ బల్లపరుపుగా పొలాలు. కొండంటే మాకు దూరాన నీలంగా కనిపించేదే తప్ప ఎక్కవలసింది కాదు. ఉద్యోగం కోసం కంచరపాలెంలో అక్కా బావల ఇంట్లో చేరాక తెలిసింది, ఈ ఊళ్లో సమంగా ఉన్న నేల దొరకడం కష్టమని. ఒక వైపు సముద్రం, మిగతా వైపులా కొండలు, మధ్యలో మిగిలిన జాగా పోర్టుకీ రైలు పట్టాలకీ పోయింది. మనుషులు మిగిలిన చోట సర్దుకున్నారు. ఇల్లు చూడాలంటే ఏదో ఒక గట్టెక్కాల్సిందే. మొదటి నెల రోజూ ఇంటికి రాగానే అక్క నా పిక్కలకి కొబ్బరినూనె రాసేది.

ఇంజనీర్లందరూ దాదాపు ఒకే రకం ఇల్లు అడిగేవారు. బీచికి దగ్గరగా ఉండాలి, కంపెనీ బస్సు గుమ్మంలో ఆగాలి. ఒక్కాయన మాత్రం కొండ కావాలన్నారు. ఆయన హిమాలయాల వైపు ఏదో చిన్న ఊరి మనిషి, పైపులైన్ల ఇంజనీరు, ముప్పై దాటి ఒకటి రెండేళ్లుంటాయి.

“కిటికీలోంచి కొండ కనిపిస్తుందండీ, మంచి ఇల్లు,” అని హెడ్ క్లర్కుగారు ఒకటి చూపించబోయారు.

“కనిపిస్తే చాలదు. ఇల్లే కొండ మీద ఉండాలి. పొద్దున్న లేవగానే ఎక్కడానికో దిగడానికో ఏదో ఒకటి లేకపోతే నాకు తెల్లారినట్టుండదు,” అన్నారాయన హిందీలో. నేను చిన్నప్పుడు రెండు హిందీ పరీక్షలు పాసయ్యాను గనక, ఆయన కేసు నాకు అంటగట్టారు.

అలా దొరికింది ఆ డాబా. కంచరపాలెం దాటి లోపలికి పోతే కొండ వాలు మీద ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. అన్నిటికన్నా పై వరసలో ఉందది. కింద నుంచి తొంభైకి పైనే మెట్లు. ఇంటాయన పోర్టులో ఖలాసీగా, అంటే ఓడల తాళ్లూ లంగర్ల దగ్గర, జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. కింద గదుల్లో ఆయనా, భార్యా, ఎదిగిన కొడుకులిద్దరూ ఉంటున్నారు. పైన కొత్తగా వేసిన మూడు గదులు అద్దెకివ్వాలని. నేను చివరి మెట్టెక్కేసరికి గుండె గొంతులో కొట్టుకుంటోంది.

“ఏటమ్మా, ఆపీసు నుంచి నువ్వొచ్చినావేటి? సారు రాలేదా?”

“నేనే బాబాయ్ సారుని,” అన్నాను ఆయాసపడుతూ.

ఆయన పెద్దగా నవ్వారు. “అలగైతే కూకో తల్లీ. మా కొండెక్కినోల్లకి ముందు మజ్జిగ. మాటలు తరవాత.”

మజ్జిగ తాగి పైకెళ్లి చూశాను. గదులు శుభ్రంగా ఉన్నాయి. వంటింట్లోంచి పొగ పోయే దారి ఉంది. డాబా మీద నిలబడితే పోర్టు క్రేన్లు, వాటి అవతల సముద్రం మీద లోపలికి రావడానికి వంతు కోసం ఆగిన ఓడలు, వెనక్కి తిరిగితే చేతికందేటట్టు కొండ. గాలి నా చేతిలో ఫారాన్ని లాక్కుపోవాలని చూస్తోంది. ఇక మిగిలింది నీళ్లు.

“నీళ్లెలా బాబాయ్, ఇంత ఎత్తున?”

“నీ కల్లతో నువ్వే సూసుకో తల్లీ,” అని డాబా మూలనున్న సిమెంటు తొట్టి చూపించారు. అంచు దాకా నిండి ఉంది. వంటింట్లో కుళాయి తిప్పితే ధార భళ్లున దూకింది. నా చీర కుచ్చిళ్లు తడిశాయి. నాకెంత సంతోషం వేసిందంటే, ఫారంలో ‘నీటి వసతి’ అన్న చోట ‘పుష్కలం’ అని రాసేశాను.

ఆ మాట మీద నా ఉద్యోగం ఊగుతుందని అప్పుడు తెలియదు.

సంక్రాంతి వెళ్లిన వారంలో ఇంజనీరుగారూ భార్యా ఆ ఇంట్లో దిగారు. ఆవిడకి పాతికేళ్లుంటాయి. సన్నగా, పొట్టిగా, కళ్లు నవ్వుతున్నట్టుండే మనిషి. ఆవిడదీ ఆ కొండల వైపే. నెల దాటినా వాళ్ల నుంచి ఏ ఫిర్యాదూ రాలేదు. మిగతా ఇళ్ల వాళ్లు బల్లులున్నాయనీ, పక్కింట్లో రేడియో మోగుతోందనీ రోజూ వచ్చేవారు. ఆ ఒక్క ఇంటి గురించి నేను గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఫిర్యాదు లేకపోగా, ఆయన ఆఫీసులో ఆదివారం నడకలు మొదలుపెట్టారు. తెల్లవారి బయల్దేరి కొండెక్కడం, ఎక్కడో బండ మీద కూర్చుని తెచ్చుకున్నది తినడం, ఎండ ముదిరేలోగా దిగడం. మొదట్లో ముగ్గురు, తర్వాత ఎనిమిదీ తొమ్మిది మంది అయ్యారు. మా హెడ్ క్లర్కుగారు కూడా పొట్ట తగ్గించుకోవాలని తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చేవారు. ఆయన భార్య ఒక్కతే ఆడమనిషి కాబట్టి తోడుగా నన్ను రమ్మన్నారు. మొదటి ఆదివారం సగం దారిలో కూలబడ్డాను. ఆవిడ నా చేతిలో ఒక కర్ర పెట్టి, “పైకి చూడకు. కాలి ముందున్న రాయి ఒక్కటే చూడు,” అంది. ఆ రోజు నేను పైదాకా వెళ్లాను. అక్కడి నుంచి ఊరు మొత్తం కనిపించింది. మా అక్క వాళ్ల వీధి ఎక్కడుందో వెతికి పట్టుకుని, అగ్గిపెట్టెల్లా ఉన్న ఆ ఇళ్లని చూస్తూ రెండు చద్ది రొట్టెలు ఎక్కువే తిన్నాను.

మార్చి నెలలో ఒక సోమవారం మా మేనేజరుగారు, పరిపాలన అంతా ఆయన చేతిలోనే ఉండేది, జీపులో కంచరపాలెం మీదుగా వస్తున్నారు. కొండ కింద వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ల వరస. ఆ వరసలోంచి ఒకామె తల మీద ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని మెట్ల వైపు నడుస్తోంది. కంపెనీ విందులో ఆమెని చూసిన గుర్తు. జీపు ఆపించి మరీ చూశారట. మా ఇంజనీరు భార్య!

అరగంటలో నేను ఆయన గదిలో ఉన్నాను. భారీ మనిషి, కోపం వస్తే మాటకి ముందు ఊపిరి వినిపించేది.

“ఎవరమ్మా ఆ ఇల్లు చూసి రాసింది?”

“నేనే సార్.”

“మన ఆఫీసరు భార్య నడివీధిలో నీళ్లు మోస్తోంది. కంపెనీ పరువేం కావాలి? ఇక్కడేమో ‘పుష్కలం’ అని ఉంది!” ఫారం నా వైపు విసిరినంత పని చేశారు. “వచ్చే సోమవారం నేనే వచ్చి చూస్తాను. నీళ్లు లేకపోతే ఆ ఇల్లు ఖాళీ చేయిస్తాను. నువ్వు రాసిందానికి ఈలోగా జవాబు రాసివ్వు.”

నాకింకా ప్రొబేషన్ అవలేదు. రెండు నెలలుంది. బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చుంటే కాగితాలు కనిపించలేదు, కళ్లనిండా నీళ్లు. హెడ్ క్లర్కుగారు మెల్లగా దగ్గరికొచ్చారు.

“‘పుష్కలం’ లాంటి మాటలు ఫైల్లో రాయకూడదమ్మాయ్. ‘కలదు’ అని రాయాలి. ‘కలదు’ అంటే ఎంత కలదని ఎవడూ అడగడు.”

ఏడుస్తూనే నవ్వొచ్చింది. నవ్వాక కోపం వచ్చింది. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా కొండెక్కాను. ఖలాసీ బాబాయి అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నారు. నా మొహం చూడగానే విషయం తెలిసినట్టు వల పక్కన పెట్టారు.

“తొట్టి నిండా నీళ్లు చూపించారు కదా బాబాయ్ ఆ రోజు!”

“సూపించినాను.”

“అవెక్కడివి?”

“కింది కులాయివి. నువ్వొత్తన్నావని తెలిసి నానూ, మా ఆడదీ, మా కొడుకు గుంటలిద్దరూ కోడికూత నుంచి మోసినాం. నలబై బిందెలు. నా నడుం ఇప్పటికీ పట్టేసే ఉన్నాది.”

“అది మోసం కాదా?”

“ఒలమ్మా, మోసమేటి? నువ్వు నీల్లున్నాయా అనడిగినావ్, ఉన్నాయన్నాను. ఎలగొచ్చినాయి అనడిగినావేటి?” అని, నా మొహం చూసి ఆయనే తగ్గారు. “తప్పే తల్లీ. ఇల్లు కట్టీసినాను, ఎవులూ ఇంతెత్తు ఎక్కి రారు. ఏటి సేత్తును? ఈ బాబు దిగిన మర్నాడే కాలీ సేసీత్తాడనుకున్నాను. తొట్టి కాలీ అవగానే ఆ బిడ్డ ఒక్క మాటనకుండా బిందెట్టుకుని దిగిపోనాది. సిగ్గుతో సచ్చిపోనాను. మా ఆడది ఎనకాల పరిగెట్టినాది. అప్పుట్నించి ఇద్దరూ కలిసే ఎల్తన్నారు.”

సోమవారం మేనేజరుగారు చూడటానికొస్తున్నారనీ, నా ఉద్యోగం సంగతీ ఆయనకి చెప్పాను. తర్వాత ఆయన గొంతు తగ్గించారు. “సోమారం కదా మీ పెద్దసారు వచ్చీది? ఆదివారం రేతిరికి మల్లీ నింపీత్తాను. యాబై బిందెలు. సారు కులాయి తిప్పుతాడు, నీల్లొత్తాయి, ఎల్లిపోతాడు. నీ ఉద్యోగం నీకుంటాది, నా ఇల్లు నాకుంటాది.”

ఇప్పుడు మీ ముందు గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, నిజం చెబుతాను. నేను “సరే బాబాయ్” అన్నాను. ఇంటికెళ్లి నిశ్చింతగా భోంచేశాను కూడా.

ఆ ఆదివారం నడకకి వెళ్లాలనిపించలేదు. ఇంజనీరుగారి భార్యే మా అక్క ఇంటికొచ్చి లాక్కుపోయింది. దారిలో నాకు మనసాగక యాభై బిందెల సంగతి ఆవిడకి చెప్పేశాను. ఆవిడ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. రెండు నెలలుగా కుళాయి వరసలో నిలబడి తెలుగు నేర్చుకుంది, అదీ అచ్చంగా ఆ వీధి తెలుగు. ఆ తెలుగే సగం, హిందీ సగం కలిపి అడిగింది.

“నాను నీల్లు మోస్తే ఏటి? సిగ్గేటి? మా అమ్మ మోసింది. మా అత్త మోసింది. మా ఊళ్లో రాళ్ల దారిలో అరకోసు పోవాలి. ఇక్కడ చక్కటి మెట్లున్నాయి. నేను చేసే పనిని దాచడానికి నువ్వు అబద్ధం ఆడతావా?”

ఆవిడ కళ్లలో ఆ నవ్వు లేదు. అంతవరకూ నేను నా ప్రొబేషన్ గురించే ఆలోచించాను, మేనేజరుగారు కంపెనీ పరువు గురించి, బాబాయి తన ఇంటి గురించి. బిందె మోసిన మనిషికి ఎలా ఉంటుందని ఎవరం అనుకోలేదు.

మిగతావాళ్లు ముందుకెళ్లిపోయారు. మేమిద్దరం మాటల్లేకుండా ఎక్కుతున్నాం. మార్చి నెల కదా, కొండంతా గడ్డి ఎండిపోయి పులి చర్మంలా ఉంది. ఒకచోట ఆవిడ నా భుజం పట్టుకుని ఆపింది. ఎడమ పక్క రెండు బండల మధ్య పల్లంలోకి చూస్తోంది. అక్కడ బారెడు మేర పచ్చగా ఉంది. మేకలు నడిచిన సన్నని బాట ఒకటి అటే పోతోంది. పైన రెండు మూడు తూనీగలు తిరుగుతున్నాయి.

“పానీ,” అంది.

కర్ర పక్కన పడేసి పల్లంలోకి దిగింది. కుళ్లిన ఆకులు చేతుల్తో తోడి అవతల పారేసింది. కింద నల్లటి బురద. బురదలో అరచెయ్యి అదిమి తీసింది. చెయ్యి ముద్ర పడింది. మేం చూస్తుండగానే ఆ ముద్రలోకి, ఒక్కో వేలి గుర్తులోకీ, మెల్లగా నీరు ఊరింది. నేను అరిచిన అరుపుకి పైన ఉన్న హెడ్ క్లర్కుగారు పాము కరిచిందనుకుని తువ్వాలు జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చారు.

గంటలో ఖలాసీ బాబాయి పలుగూ పారా పట్టుకుని కొడుకులతో వచ్చారు. ఊట చూసి తల మీద చెయ్యి పెట్టుకున్నారు.

“మా నాయన సెప్పీవోడు, కొండ మీద ఊటుండీదని. ఈది కులాయి వొచ్చినాక ఎవులికి కావాలి? అందరం మర్సిపోనాం. ఉత్తరాది పిల్లొచ్చి మా కొండలో నీల్లు మాకు సూపించినాది!”

ఆ రోజంతా అక్కడే. బురద తీశారు, బండ పగులులోంచి చిటికెన వేలంత ధార బయటపడింది. రాళ్లు పేర్చి చిన్న మడుగు కట్టారు. బాబాయి పెద్దకొడుకు పాత సామాన్ల కొట్టు నుంచి ఓడల్లో వాడే రబ్బరు గొట్టాలు చుట్టలు చుట్టలుగా మోయించుకొచ్చాడు. వాటిని ఒకదానికొకటి అతికి, వాలు మీదుగా డాబా మీది తొట్టి దాకా పరిచి, అక్కణ్ణుంచి వంటింటి కుళాయికి దిగే పైపుకి బిగించారు. ఇంజనీరుగారి ఆనందం చెప్పలేను. కర్మాగారంలో మనిషి దూరి నడిచేంత పైపులు వేయించే మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, అందరికీ ఆజ్ఞలిస్తూ, పైన గొట్టం మూతి మడుగులో ముంచారు.

కింద తొట్టి దగ్గర అందరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. నీళ్లు రాలేదు.

ఆయన పైకెళ్లి చూసి కిందికొచ్చారు, మళ్లీ వెళ్లారు. కాగితం తీసి ఎత్తూ వాలూ లెక్క కట్టారు. లెక్క ప్రకారం నీళ్లు రావాలి. పొద్దు వాలింది గానీ చుక్క పడలేదు. హెడ్ క్లర్కుగారు నా చెవిలో, “ఇంజనీర్లు కూడా ‘పుష్కలం’ అనే రాస్తారమ్మాయ్,” అన్నారు.

అందరూ వెళ్లాక బాబాయి అడిగారు. “ఏటి తల్లీ, బిందెలెత్తీమంటావా? కొండని నమ్ముకుంటే ఎలగ?”

“వద్దు బాబాయ్,” అన్నాను.

“నీ ఉద్యోగమో?”

“ఏమో. చూద్దాం.”

మర్నాడు తెల్లవారుజామున అక్క ఇంట్లో కూర్చుని జవాబు రాశాను. నాలుగే వాక్యాలు. తొట్టిలో నీళ్లు చూసి, అవి ఎలా వచ్చాయో అడగకుండా పుష్కలమని రాశాననీ, అది నా తప్పేననీ, ఆ ఇంటికి కింది వీధి కుళాయే ఆధారమనీ, ఆ ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం దాన్ని వదలడానికి ఇష్టపడటం లేదనీ. ఇంటివాళ్లు మోసిన బిందెల సంగతి రాయలేదు. అడగకపోవడం నా తప్పు. దాన్ని ఆయన మీదికి నెట్టలేను.

మేనేజరుగారు తొమ్మిదింటికి వచ్చారు. మెట్ల మీద నాలుగుచోట్ల ఆగారు. రెండోచోట కోటు విప్పారు, మూడోచోట టై. చివరి మెట్టెక్కేసరికి మొహం కందగడ్డలా ఉంది. తిట్టడానికి కూడా ఊపిరి లేదు. ఎదురుగా ఇంజనీరుగారి భార్య నిలబడి చేతులు జోడించి, “కూకోండి సారూ, కూకోండి. సాలా ఎత్తు కదేటి!” అంది.

ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశారు. ఆ మొహం నుంచి ఆ తెలుగు వస్తుందని ఆయన ఊహించలేదు.

కూర్చోకుండానే వంటింట్లోకి నడిచి కుళాయి తిప్పారు. రాలేదు. ఇంకా తిప్పారు. ఏమీ లేదు. నేను సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆయన కుళాయి కట్టకుండానే కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. ఆ నాలుగు వాక్యాలూ చదవడానికి అంతసేపు ఎందుకు పట్టిందో నాకు తెలియదు. నేను గోడనున్న పగులు చూస్తూ నిలబడ్డాను. ఇంటాయన జాడ లేదు. పొద్దుటి నుంచీ కనిపించలేదు. నన్ను ఒంటరిగా వదిలేసి పారిపోయారనుకుని మనసులో తిట్టుకున్నాను.

“అయితే ఇది తప్పుడు రిపోర్టని నువ్వే ఒప్పుకుంటున్నావ్,” అన్నారు మేనేజరుగారు కాగితం మడుస్తూ.

“అవును సార్.”

అప్పుడు కుళాయిలోంచి ఒక చప్పుడు. పెద్దవాళ్లు భోజనమయ్యాక తేన్చినట్టు. ఇద్దరం అటు చూశాం. మళ్లీ ఇంకోటి. గాలి బుస్సుమని తన్నింది. ఒక ఎండుటాకు ముక్క వచ్చి కింద పడింది, దాని వెనక ఎర్రటి బురద, ఆ వెనక నీళ్లు. మొదట దారంలా, తర్వాత చిటికెన వేలంత. నిలకడగా.

డాబా మీంచి ఇంజనీరుగారి కేక వినిపించింది. బయటికి పరిగెత్తి చూశాను. ఖలాసీ బాబాయి కొండ వాలు మీద గొట్టాన్ని భుజానికెత్తుకుని అడుగులో అడుగు వేసుకుంటూ కిందికొస్తున్నారు. గొట్టం మిట్టగా లేచిన ప్రతిచోటా లోపల గాలి ఇరుక్కుందట. వెలుగొచ్చినప్పటి నుంచీ పై నుంచి బారెడు బారెడు చొప్పున గొట్టాన్ని ఎత్తి, ఆ గాలిని తరుముకుంటూ వచ్చారు. ఓడల్లో అలాగే చేస్తారట. దగ్గరికొచ్చాక చూస్తే మోచేతులు రెండూ గీసుకుపోయి ఉన్నాయి.

“వొచ్చీసినాయా తల్లీ?”

“వచ్చేశాయి బాబాయ్!”

లోపల ఆవిడ గ్లాసు కడిగి, నీళ్లు తేటపడేదాకా ఆగి, పట్టి మేనేజరుగారికి ఇచ్చింది. ఆయన అనుమానంగా చూశారు, కానీ దాహం గెలిచింది. తాగారు. ఇంకో గ్లాసు తాగారు. కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నారు. గాలి ఆయన చొక్కాని ఉబ్బించింది. చాలాసేపు ఓడల్ని చూస్తూ ఉండిపోయారు. ఆవిడ ఊట కథంతా తన తెలుగులో చెబుతుంటే ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

చివరికి ఫారం తీశారు. నీటి వసతి కింద అచ్చువేసి ఉన్నవి మూడే: మునిసిపల్, బావి, బోరు. వాటిలో దేనికీ నేను టిక్కు పెట్టనే లేదు. ‘పుష్కలం’ కొట్టేసి, పక్కన తన చేత్తో ‘కొండ’ అని రాసి సంతకం పెట్టారు.

దాంతో నాకు శిక్ష తప్పిందనుకోకండి. తప్పుడు రిపోర్టు తప్పుడు రిపోర్టే అని, నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. ఆ కాగితం అందుకున్నప్పుడు బాధపడ్డాను. కానీ ఆ ఆరు నెలల్లో నేను ఏ ఇంటికెళ్లినా తొట్టి మూత తీసి ఊరుకోలేదు. కింద ఎవరి నడుం పట్టేసిందో కూడా కనుక్కున్నాను. మా హెడ్ క్లర్కుగారైతే, “నిన్ను చూస్తే ఇంటివాళ్లు కుళాయిలే దాచేస్తారమ్మాయ్,” అనేవారు.

ఆ ఊట కూడా మేం అనుకున్నంత మంచిది కాదు. మే నెల మొదటి వారంలో బొట్లు బొట్లుగా మారి ఆగిపోయింది. మళ్లీ బిందెలు బయటికొచ్చాయి. ఈసారి ఇంజనీరుగారు కూడా భుజాన కావడి పెట్టుకుని దిగేవారు. మొదటి రోజు కుళాయి దగ్గర ఆడవాళ్లంతా నవ్వి, వరసలో ఆయన్ని ముందుకి పంపించారట. జూన్ వానలకి ఊట తిరిగొచ్చింది. అప్పటికి పక్క రెండిళ్లకీ గొట్టాలు వేశారు. ఇంజనీరుగారూ భార్యా ఆ ఇంట్లో మూడేళ్లున్నారు. ఆవిడకి అక్కడే కూతురు పుట్టింది. ఆ పిల్ల నడక నేర్చింది మెట్ల మీదే.

ఆరు నెలలూ పూర్తయ్యాక ఒకరోజు మేనేజరుగారి గదికి రమ్మని కబురొచ్చింది. ప్రొబేషన్ సంగతనుకుంటూ వెళ్లాను. ఆ కాగితం బల్ల మీదే ఉంది, సంతకం కూడా అయిపోయింది. అది నా చేతికిచ్చి, ఆయన లేచి వెళ్లి తలుపు మూసి వచ్చారు.

“నీతో ఇంకో మాట. నాకు చక్కెర జబ్బని తేలింది. రోజూ నడవకపోతే కుదరదన్నాడు డాక్టరు. నడుద్దామని బయటికొస్తే జీపు కనిపిస్తుంది, ఎక్కేస్తున్నాను.” కాసేపు పేపరు వెయిటు తిప్పారు. “ఆ కొండ మీద ఇంకో ఇల్లేమైనా ఖాళీగా ఉందా?”

పై వరసలోనే ఒకటి ఉంది. కానీ ఆ పొడిగించిన ఆరు నెలలూ ఊరికే పోలేదు.

“ఉంది సార్. కానీ వేసవిలో ఊట ఆగిపోతుంది. కింది నుంచి మోసుకోవాలి.”

“ఎవరు?”

“మీరే సార్.”

ఆయన తన పొట్ట వైపు చూసుకున్నారు. కిటికీలోంచి దూరంగా కనిపిస్తున్న కొండ వైపు చూశారు. పెద్ద ఊపిరి వినిపించింది. కోపమేమో అనుకున్నాను.

“రోజుకి ఎన్ని బిందెలు?” అన్నారు.